నూనె నిలవడానికి గీసిన గీతలు

బ్లాకు పై అంచుకి కొంచెం దిగువన, సిలిండరు గోడ మీద బొటనవేలి గోరు ఆనించి మేస్త్రీ మెల్లగా పైకి లాగారు. గోరు ఒకచోట టక్కున ఆగింది. "మెట్టు పడిందండీ" అన్నారు. నన్నూ చూడమన్నారు. నున్నగా మెరుస్తున్న గోడ. కంటికి ఏమీ ఆనదు. గోటికి మాత్రం గట్టు తగిలింది. ఆరు సిలిండర్లలోనూ అదే వరస. మా బావగారి లారీ ఇంజను బోరుకొచ్చిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఆరు నెలలుగా ఆ బండి నీలం పొగ వదులుతూనే ఉంది. పొద్దున్నే స్టార్టు చేస్తే వీధంతా కమ్మేసేది. డీజిలుతో సమానంగా ఆయిల్ కూడా తాగేస్తోందని బావ గోల. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గాలి బుసబుసా కొట్టేది. పిస్టన్ పైన ఉండాల్సిన ఒత్తిడి రింగుల సందుల్లోంచి కిందికి దిగిపోతోందన్నమాట. గుడివాడ, పామర్రు వైపు నుంచి ధాన్యం, కోతలు లేని రోజుల్లో కంకర, ఇసుక, ఇలా పదేళ్లకు పైగా మోసిన బండి. ఇంజను కమిన్స్ 5.9 లీటర్లది, ఆరు సిలిండర్లు. 1993లో జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ ఏర్పడ్డాక మన రోడ్ల మీదికి వచ్చిన రకం. బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120. దీనికి విడిగా లైనర్లుండవు. సిలిండర్లు బ్లాకులోనే తొలిచి ఉంటాయి. అరిగితే లైనరు పీకి కొత్తది వేయడం కుదరదు కాబట్టి బ్లాకునే బోరు చేసి అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేయాలి. మళ్లీ అరిగితే ఒక మిల్లీమీటరు పెద్దవి. ఆ రెండూ అయిపోతే స్లీవులు దించుకోవడమే. బ్లాకు ఆయుష్షులో ఇలాంటి అవకాశాలు రెండే ఉన్నప్పుడు, బోరు చేసే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న చాలా పెద్దది.

ఆ చెయ్యి కోసం ఆటోనగర్ వచ్చాం. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు రహదారి కలిసే ఊరు బెజవాడ. లారీలున్నచోట మరమ్మతులూ ఉంటాయి. ఊళ్లో రోడ్ల పక్కన చెల్లాచెదురుగా ఉన్న షెడ్లను ఒకచోటికి చేర్చాలన్న ఆలోచనతో 1960ల్లో జవహర్ ఆటోనగర్ రూపు దిద్దుకుంది. పటమట, కానూరు పక్కన అది ఇప్పుడు ఒక ఊరికి ఊరే. ఒక వీధిలో బాడీ కట్టేవాళ్లు, ఇంకో వీధిలో కమాను కట్టల వాళ్లు, రేడియేటర్ల వాళ్లు, డీజిల్ పంపులు సెట్ చేసేవాళ్లు. బ్లాకు బోరు చేసేవాళ్లు వేరు, క్రాంకు గ్రైండింగ్ చేసేవాళ్లు వేరు, ఇంజను విప్పి మళ్లీ కట్టే మేస్త్రీలు వేరు. ఒకే పని ముప్ఫై నలభై ఏళ్లు చేసిన మనిషి చేతికి ఒక లెక్క వస్తుంది. ఆ లెక్కను దగ్గర నుంచి చూసి రాయాలనే నేను బావ వెంట వచ్చాను. వారం రోజుల్లో చూద్దామనుకున్నది, చూసేసరికి నెల పట్టింది.

మెట్టు ఎందుకు పడుతుంది? పిస్టన్ రింగుకి, గోడకి మధ్య పలచని నూనె పొర ఉంటుంది. పిస్టన్ పరిగెడుతున్నంతసేపూ ఆ పొర రింగును గోడకి తగలనివ్వదు. కానీ పిస్టన్ ప్రతి స్ట్రోకు చివరా ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరగాలి. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే పిస్టన్ అలా 4000 సార్లు ఆగుతుంది. ఆగినప్పుడు పొరను నిలబెట్టే వేగం ఉండదు. అందులోనూ పైన ఆగే చోట మంట పక్కనే ఉంటుంది. వేడికి నూనె పలచబడుతుంది, మండే వాయువు రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి అదుముతుంది. అందుకే బోరు అంతటా ఒకేలా అరగదు. పై రింగు వెనక్కి తిరిగే ఆ వేలెడంత చోట బాగా అరుగుతుంది, దిగువకి పోయేకొద్దీ తగ్గుతుంది. రింగు అసలు చేరని పై అంచు అరగకుండా అలాగే ఉండిపోతుంది. గోటికి తగిలిన గట్టు అదే.

ఒక లెక్క వేసి చూశాను. టాప్ గేరులో కిలోమీటరుకి ఇంజను ఉజ్జాయింపుగా 1800 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక్కో చుట్టుకీ పిస్టన్ పైకీ కిందికీ కలిపి 240 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే బండి కిలోమీటరు పోతే లోపల రింగు గోడ వెంబడి 430 మీటర్లు ప్రయాణం చేస్తుంది. లక్ష కిలోమీటర్లకి 43 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40 వేలు. ఇంత రాసుకున్నా గోడ తరిగేది మిల్లీమీటరులో చిన్న వంతు. పాతికేళ్లుగా లారీలు చూస్తూ, "ఇంజను ఎందుకు అరుగుతుంది" అని అడుగుతూ వచ్చాను. అడగాల్సింది ఇంతకాలం అరక్కుండా ఎలా ఉంటుందని.

దానికి మొదటి సమాధానం చెప్పినవాడు బీచమ్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1880ల మొదట్లో ఆయన రైలు ఇరుసు బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికని బేరింగు పైభాగంలో రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరుగుతుంటే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచే పైకి ఉబికింది. కార్కు బిరడా పెట్టాడు, ఎగిరిపోయింది. కొయ్య బిరడా కొట్టాడు, అదీ బయటికొచ్చింది. ఇరుసు తిరగడంలోనే నూనెకి ఒత్తిడి పుడుతోందని, ఆ ఒత్తిడే బరువును ఎత్తి పట్టుకుంటోందని అలా బయటపడింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం కట్టాడు. క్రాంకు బేరింగులకి ఈనాటికీ ఆ గణితమే. మా మేస్త్రీకి రేనాల్డ్స్ పేరు తెలియదు. ఆయన దాన్ని "నూనె మీద తేలాలండీ, ఇనుం మీద ఇనుం కూచోకూడదు" అంటారు. ఆ మాటలో రేనాల్డ్స్ చెప్పింది మొత్తం ఉందనిపిస్తుంది నాకు.

ఇక బోరింగు షెడ్డు. పని కొలతతో మొదలైంది. ఒక్కో సిలిండరులో పైన, మధ్యలో, కింద. మూడు చోట్లా క్రాంకు వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి. సిలిండరుకి ఆరు కొలతలు, ఆరు సిలిండర్లకి ముప్ఫై ఆరు. బోరు గేజి లోపల పెట్టి అటూఇటూ ఊపుతుంటే డయల్ ముల్లు ఒకచోటికి వచ్చి వెనక్కి తిరుగుతుంది, ఆ తిరిగిన చోటే సరైన కొలత. కుర్రాడు చెబుతుంటే బోరింగు మేస్త్రీ సుద్దముక్కతో బ్లాకు మీదే రాశారు. పైకీ కిందికీ తేడా కోసుదనం, అడ్డానికీ నిలువుకీ తేడా కోడిగుడ్డుతనం. రెండోది ఎందుకంటే కనెక్టింగ్ రాడ్డు వాలుగా తోస్తుంది కాబట్టి పిస్టన్ ఒక పక్కకి ఎక్కువ ఒరుగుతుంది. ఇక్కడ లెక్కంతా థౌలలోనే. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. మిల్లీమీటర్లలో వచ్చిన ఇంజనుకి కూడా నోటితో థౌలే చెబుతారు, కాగితం మీద మిల్లీమీటర్లు వేస్తారు. రెండు భాషల మధ్య ఎక్కడా తడబాటు చూడలేదు.

బోరు చేసేముందు అడుగున మెయిన్ క్యాపులన్నీ పెట్టి బిగించారు. అవి లేకుండా బోరు చేస్తే తర్వాత బిగించినప్పుడు బ్లాకు ఆ మేర బిగుసుకుని గుండ్రతనం కొద్దిగా మారుతుంది. నాకు నచ్చిన రెండో సంగతి వరస. ఒకటో సిలిండరు తర్వాత రెండోది కాదు. ఒకటి, మూడు, అయిదు చేసి, తర్వాత రెండు, నాలుగు, ఆరు. పక్కపక్కన కోస్తే ఒకదాని వేడి ఇంకోదాన్ని పెంచుతుంది, చల్లారాక కొలత తప్పుతుంది. కొత్త పిస్టన్లు బల్ల మీద ఉన్నాయి. ఆరూ ఒకే పెట్టెలో వచ్చినవే అయినా ఒక్కోదాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, నెత్తిన నంబరు వేసి, ఏ పిస్టన్‌కి ఆ బోరు అని పెళ్లిచూపుల్లా కుదిర్చారు. అలా కుదర్చకపోతే ఒక సిలిండరు బిగుతుగా, ఇంకోటి వదులుగా ఉండి, ఇంజను ఒకచోట పట్టేస్తుంది, ఇంకోచోట కొట్టుకుంటుంది.

బోరింగు బిట్టు చివరిదాకా కోయదు. రెండు మూడు థౌలు వదిలేస్తుంది. ఆ మిగిలిన కాస్తనీ హోనింగు రాళ్లు తియ్యాలి. ఇక్కడే నేను ఇన్నాళ్లూ పొరబడ్డ సంగతి ఒకటుంది. సిలిండరు గోడ అద్దంలా ఉంటేనే మంచిదనుకునేవాణ్ణి. అద్దంలా ఉంటే నూనె నిలవదు. రింగు గీసుకుంటూ పోతే ఉన్న కాస్త నూనే తుడిచిపెట్టుకు పోతుంది. అందుకని గోడ మీద కావాలనే గీతలు గీస్తారు.

హోనింగు తల తిరుగుతూనే పైకీ కిందికీ పోతుంది. దిగేటప్పుడు ఒకవైపు వాలిన గీతలు, ఎక్కేటప్పుడు ఎదురువైపు వాలిన గీతలు. రెండూ కలిసి గోడ నిండా అల్లికలా పరుచుకుంటాయి. మా పొలాల్లో అడ్డదుక్కి నిలువుదుక్కి చేసినట్టే. చాళ్లలో నీరు నిలిచినట్టు ఆ గీతల్లో నూనె నిలుస్తుంది. గీతల మధ్య కోణం సుమారు 45 డిగ్రీలు, ఇంజనును బట్టి కాస్త అటూఇటూ. గీతలు మరీ పడుకుంటే రింగు వాటి మీద గతుకుల్లో పోయినట్టు పోతుంది, నూనె ఎక్కువ నిలిచి మంటలో కాలుతుంది. మరీ నిలువుగా ఉంటే నూనె కాలువలా కిందికి జారిపోతుంది. తల ఎంత వేగంగా తిరగాలి, ఎంత వేగంగా ఎక్కి దిగాలి అన్న రెండింటి పొత్తు మీదే ఆ కోణం ఉంటుంది. మేస్త్రీ కళ్లు రాళ్ల మీద లేవు. చేయి లీవరు మీద, చెవి శబ్దం మీద. కిరసనాయిలు ధారగా పడుతుంటే రాళ్లు గోడని గీసే చప్పుడు మొదట్లో గరగరా ఉండి, బోరు సమంగా గుండ్రమయ్యేకొద్దీ ఒకే శ్రుతికి వచ్చింది. ఆ శ్రుతి కుదిరాక ఆయన రాళ్లు మార్చి, సన్నరకం వేసి, ఇంకో నాలుగైదు సార్లు మాత్రమే పైకీ కిందికీ నడిపారు. గీతలను చెరపడానికి కాదు, గీతల మధ్య లేచిన మొనలను మాత్రం కొట్టెయ్యడానికి. చాలు అలాగే ఉంటుంది, గట్టు పైభాగం చదునవుతుంది. కొత్త రింగు ఆ చదును మీద కూచుంటుంది, చాల్లోంచి నూనె తాగుతుంది. ఏది నున్నగా ఉండాలో, ఏది గరుకుగా ఉండాలో ఒకే గోడ మీద, వెంట్రుకలో పదో వంతు లోతులో తేల్చడం. ఈ షెడ్డులో నేను చూసిన పనుల్లో దీనికన్నా గొప్పది లేదు.

హోనింగు అయ్యాక కుర్రాడు బ్లాకుని డీజిలుతో కడగబోతే మేస్త్రీ ఆపారు. "ఒరేయ్, సబ్బు నీళ్లు పెట్టావా?" పొయ్యి మీద పెద్ద డబ్బాలో నీళ్లు కాగుతున్నాయి. డీజిలూ పెట్రోలూ నూనెని కడుగుతాయి గానీ రాళ్ల నుంచి రాలిన పొడి గీతల్లోనే ఉండిపోతుంది. ఆ పొడి సాన రాయి పొడే. అది మిగిలితే కొత్త రింగులు త్వరగా అరిగిపోతాయి. వేడినీళ్లు, సబ్బు, కొబ్బరిపీచు బ్రష్షు. ఒక్కో సిలిండరూ గిన్నె తోమినట్టు తోమారు. తర్వాత ఆయన ఒక పాత తెల్ల పంచె ముక్క తీసి కొత్త ఇంజనాయిల్లో ముంచి గోడ తుడిచారు. గుడ్డ బూడిదరంగుకి తిరిగింది. ఇంకో ముక్క. కాస్త లేతగా. మూడోది, నాలుగోది. ఆరో ముక్క తెల్లగా బయటికొచ్చింది. అప్పటిగ్గానీ పక్క సిలిండరుకి పోలేదు. బెజవాడ గాలిలో చెమ్మకి కడిగిన ఇనుము గంటలో తుప్పు పడుతుంది కాబట్టి ఆ నూనె గుడ్డ రెండు పనులూ చేస్తుంది.

ఈ శుభ్రం గురించి ఎందుకింత రాస్తున్నానంటే, అది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. నాలుగేళ్ల కిందట బావ ఇంకో బండి ఇంజను ఇంకో ఊళ్లో చేయించాడు. బోరు బాగానే చేశారు, మంచి పిస్టన్లే వేశారు. కానీ బ్లాకులో ఆయిల్ పోయే సన్నదారుల బిరడాలు ఊడదీసి లోపల బ్రష్షు పెట్టలేదు. బోరింగులో రాలిన ఇనుప రజను ఆ దారుల్లో కూచుంది. మూడు నెలల్లో మెయిన్ బేరింగులు పోయి, క్రాంకు గీరుకుపోయింది. ఆ రోజు ఆయిల్ ట్రేలో మెరిసిన రజను ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

క్రాంకు గ్రైండింగు షెడ్డు రెండు వీధుల అవతల. మా క్రాంకుకి ఏడు మెయిన్ జర్నళ్లు, ఆరు కనెక్టింగ్ రాడ్ జర్నళ్లు. జర్నల్ అంటే బేరింగులో తిరిగే గుండ్రటి భాగం. ముందు పగులు కోసం చూశారు. క్రాంకుని అయస్కాంతం చేసి ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తే, కంటికి కనిపించని పగులు ఉన్నచోట రజను గీతలా పేరుకుంటుంది. లేదు. వంపు ఉందేమోనని వి-బ్లాకుల మీద పెట్టి డయల్ ఆనించి తిప్పారు. అదీ బాగానే ఉంది. రాడ్ జర్నళ్లు మాత్రం కోడిగుడ్డు పడ్డాయి. 69 మిల్లీమీటర్ల జర్నల్‌ను పావు మిల్లీమీటరు దించి, దానికి తగ్గ మందపు బేరింగులు వేయాలి.

ఇక్కడ చెయ్యి చూపించేది జర్నల్ మీద కాదు, జర్నల్ చివర. జర్నల్ పక్కగోడని కలిసే మూలలో ఒక చిన్న ఒంపు ఉంటుంది. ఆ ఒంపు ఉన్నంతవరకూ బరువు సాఫీగా పారుతుంది. గ్రైండింగు రాయి అంచు పదునుగా ఉండి ఆ ఒంపును మూలగా కోసేస్తే, బరువంతా అక్కడే పేరుకుని క్రాంకు ఎప్పుడో రాత్రిపూట రెండు ముక్కలవుతుంది. గ్రైండింగు మేస్త్రీ పని మొదలుపెట్టేముందు వజ్రపు ముక్కతో రాయి అంచునే గుండ్రంగా చెక్కుకున్నారు. కొలత బిళ్ల పెట్టి వెలుతురుకి ఎత్తి చూశారు. సందులోంచి వెలుతురు రాలేదు. ఇక కోత. రాయి తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు. కొలతకి చేరాక ఆయన రాయిని ఇంకా ముందుకి తొయ్యకుండా, ఉన్నచోటే ఉంచి క్రాంకుని తిరగనిచ్చారు. రవ్వలు తగ్గి, ఒకటీ అరా అయి, ఆగిపోయాయి. "ఇప్పుడు గుండ్రం" అన్నారు. ఆ ఆఖరి అరనిమిషం తొందరపడేవాడు ఆగడు.

తర్వాత ఒక్కో జర్నల్ మీదా నూనె రంధ్రం అంచును చిన్న రాయితో మెత్తగా చేశారు. గ్రైండింగు తర్వాత ఆ అంచు కత్తిలా ఉంటుంది. తిరిగేటప్పుడు అది బేరింగును గీరేస్తుంది. బేరింగు పైపొర గోటికి గీత పడేంత మెత్తనిది, మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఆ మెత్తదనం కావాలని పెట్టిందే. నూనెలో కొట్టుకొచ్చిన నలుసు తనలో దిగబడిపోయి క్రాంకును కాపాడాలని. గట్టిగా ఉన్నదాన్ని మెత్తగా ఉన్నది కాపాడే ఏర్పాటు అది.

ఇంజను కట్టే లోపు మా మేస్త్రీ బావని కూచోబెట్టి కొన్ని విషయాలు అడిగారు. మొదటిది ఎయిర్ ఫిల్టరు. ఆయన ఎందుకు అడిగారో నేను లెక్క కట్టాను. 5.9 లీటర్ల ఇంజను 2000 చుట్ల మీద నడిస్తే, టర్బో తోసే అదనపు గాలిని పక్కన పెట్టినా, గంటకి 300 ఘనపు మీటర్లకి పైగా గాలి పీలుస్తుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు పది ఖాళీ చేసినంత. కోతల కాలంలో కాలవ గట్ల మీద, ఇసుక రేవుల్లో, కంకర క్వారీల దగ్గర ఆ పది గదుల గాలిలో ఎంత దుమ్ము ఉంటుందో మనకి తెలుసు. కృష్ణ ఇసుకలో ఉన్నది ఎక్కువగా స్ఫటికం, పోత ఇనుము కన్నా గట్టిది. నూనె పొర కన్నా లావైన రేణువు ఒక్కటి దూరితే అది రింగుకీ గోడకీ మధ్య ఉలి. బావ ఫిల్టరు ఎప్పటికప్పుడు మారుస్తున్నానన్నాడు, అది నిజమే. కానీ ఫిల్టరుకీ టర్బోకీ మధ్య రబ్బరు గొట్టం అడుగున, కంటికి కనిపించని వైపు, వేలెడు చీలిక ఉంది. మేస్త్రీ ముందే చూసి పెట్టుకున్నారు. గొట్టం లోపల వేలు తిప్పి బయటికి తీస్తే ఎర్రటి పొడి. ఫిల్టరు దాటాక గొట్టంలో పొడి ఉండకూడదు. కొత్త ఫిల్టర్లకి పెట్టిన డబ్బంతా ఆ చీలికలోంచి పోయిందన్నమాట.

రెండోది థర్మోస్టాట్. బావ బండికి అది లేదు. ఎండాకాలం 45 డిగ్రీలు కాసే ఊళ్లో ఇంజను చల్లగా ఉంటేనే మంచిదని చాలామంది దాన్ని పీకేస్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి ఇంజనుకి చల్లదనమూ అరుగుదలే. డీజిలులో గంధకం కాలి నీటి ఆవిరితో కలిస్తే ఆమ్లమవుతుంది. గోడ వేడిగా ఉంటే అది ఆవిరిగా బయటికి పోతుంది, చల్లగా ఉంటే గోడ మీదే చెమ్మగా పట్టి ఇనుమును తింటుంది. 2020 ఏప్రిల్ నుంచి మనకి వస్తున్న భారత్ స్టేజ్ 6 డీజిలులో గంధకం పది లక్షల్లో 10 వంతులకి మించదు, అంతకుముందు 50, దానికి ముందు 350. ఆ బాధ చాలావరకు తగ్గింది. కానీ చల్లని ఇంజనులో డీజిలు సరిగా కాలక గోడ మీది నూనెను కడిగేయడం తగ్గలేదు. మేస్త్రీ కొత్త థర్మోస్టాట్ తెప్పించి వేశారు. రేడియేటరులో బోరుబావి నీళ్లు పోయొద్దని గట్టిగా చెప్పారు. సముద్రం వైపు మండలాల్లో ఆ నీళ్లలో ఉప్పు ఎంతో కప్పులో టీ రుచే చెబుతుంది.

మూడోది నాజిళ్లు. ఆరింటినీ పంపు షెడ్డుకి పంపి పరీక్ష చేయిస్తే రెండు కారుతున్నాయి. పొగమంచులా చిమ్మాల్సినది చుక్కగా రాలితే ఆ చుక్క గోడ మీది నూనెను కడుగుతుంది, అక్కడ రింగు ఒట్టి ఇనుము మీద నడుస్తుంది. ఆ రెండు సిలిండర్లలోనే అరుగుదల ఎక్కువని బ్లాకు మీది సుద్దరాతలు ముందే చెప్పాయి. రాతనీ నాజిల్‌నీ పక్కపక్కన పెట్టి మేస్త్రీ మాకు చూపించారు. ఇంతకీ పంపులో, నాజిల్‌లో డీజిలు తగిలి కదిలే భాగాలకి వేరే నూనె ఉండదు, డీజిలే వాటికి నూనె. అందులో కిరసనాయిలు కలిపితే ఆ జారుడు పోతుంది. గంధకం తీసేసిన కొత్త డీజిలుకి కూడా ఆ జారుడు తగ్గకుండా మందు కలిపే బంకులకి పంపిస్తున్నారు.

ఇంజను కట్టడం రెండు రోజుల పని. ఒక్క రింగుల సంగతే చెబుతాను. రింగును పిస్టన్‌కి ఎక్కించకుండా ముందు ఒట్టి బోరులో పెట్టి, పిస్టన్‌తో నిటారుగా నెట్టి, చివరల మధ్య సందులో ఫీలర్ గేజి ఆడించారు. బోరు అంగుళానికి మూడు నాలుగు థౌలు ఉండాలి. నాలుగంగుళాల బోరు కాబట్టి పన్నెండు నుంచి పదహారు. సందు చాలకపోతే వేడికి చివరలు ఒకదాన్నొకటి నెట్టుకుని రింగు గోడను చీరేస్తుంది. ఒక రింగుకి పదకొండే వచ్చింది. మేస్త్రీ సన్న ఆకురాయితో బయట నుంచి లోపలికే రుద్దుతూ, రెండు రుద్దులకోసారి కొలుస్తూ, పదమూడుకి తెచ్చారు. అంత పనికి పావుగంట. పదకొండుకీ పన్నెండుకీ ఒక్క థౌ, మిల్లీమీటరులో నలభయ్యో వంతు.

మొదటి స్టార్టుకి ముందు ఆయిల్ ఫిల్టరును నూనెతో నింపి బిగించారు. డీజిలు రాకుండా ఆపి, స్టార్టరు మాత్రం కొద్దికొద్దిగా తిప్పారు. నాలుగోసారికి ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలింది. క్రాంకు నూనె మీద కూచుందని ఆ ముల్లు చెప్పాక గానీ డీజిలు వదల్లేదు. ఇంజను అందుకుంది. పొగ లేదు. బావ గంటసేపు ఐడిల్‌లో వదిలేద్దామన్నాడు. "వద్దండీ, కొత్త రింగులు పని చేస్తేనే కూచుంటాయి. సగం లోడుతో రోడ్డెక్కించండి. ఒకే స్పీడులో తోలొద్దు" అన్నారు మేస్త్రీ. ఐడిల్‌లో రింగుల వెనక ఒత్తిడి చాలదు. అవి గోడకి అమరకముందే ఆ గీతలు నూనె కాలిన పూతతో నున్నగా పూడుకుపోతాయి. అన్నాళ్లు కష్టపడి గీసిన గీతలు.

సగం లోడు ధాన్యంతో బండి గుడివాడ నుంచి నాలుగు ట్రిప్పులు వేసి మళ్లీ ఆటోనగర్ వచ్చింది. మొదటి ఆయిల్ మార్చాలి. మేస్త్రీ తీసిన ఫిల్టరును కుర్రాడికిచ్చి కోయమన్నారు. కుర్రాడు డబ్బా చుట్టూ కోసి, లోపలి కాగితం విప్పి, ఆరుబయట ఎండలో పరిచాడు. ముగ్గురం వంగాం. నల్లటి నూనె మడతల్లో ఒకటి రెండు చోట్ల సన్నటి బూడిద చార. కొత్త రింగులు అమరినప్పుడు రాలే నుసే అది. మేస్త్రీ ఆ చారని వేలికి రాసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ఎండకి అటూఇటూ తిప్పి చూశారు. "పొడే. రేకు లేదు" అన్నారు. వేళ్లు పంచె ముక్కకి తుడుచుకుని, బ్లాకు కోసం ఎదురుచూస్తున్న ఇంకో లారీ దగ్గరికి వెళ్లిపోయారు.